మామగారు రుచి చూడని బీరు

బెంగుళూరులో మూడు నెలలు ఉండి వచ్చాక నేను బీరు తాగడం మానేశాను. దాన్ని పరీక్షించడం మొదలుపెట్టాను.

ఉమ్మడి రాష్ట్రం చివరి రోజులవి. నేను పనిచేసే ఇన్సూరెన్స్ ఆఫీసువాళ్ళు కొత్త కంప్యూటర్ పద్ధతి నేర్చుకు రమ్మని నన్ను బెంగుళూరు పంపారు. ఆ పద్ధతి నాకు పెద్దగా అబ్బలేదు. కానీ మా శిక్షణ కేంద్రం పక్క వీధిలో, అద్దాల గోడ వెనక పెద్ద పెద్ద రాగి పాత్రలు పెట్టి, అక్కడికక్కడే బీరు తయారుచేసి పోసే హోటలు ఒకటుండేది. అలాంటిది మా సికింద్రాబాద్‌లో అప్పటికి లేదు. గోధుమ బీరు, నల్ల బీరు, చేదు బీరు అని రకరకాలు. ఒక్కోదానికి ఒక్కో ఆకారపు గ్లాసు. ఏ బీరుతో ఏది తినాలో చెప్పడానికి నల్ల ఏప్రన్ కట్టుకున్న ఉద్యోగి ఒకతను. ఒక సాయంత్రం అతను నా గ్లాసు వైపు చూపించి, "ఇందులో అరటిపండు, లవంగం వాసన తెలుస్తోందా సార్?" అని అడిగాడు. నాకు బీరు వాసన తప్ప ఇంకేమీ తెలియలేదు. "బాగా తెలుస్తోంది," అన్నాను. నా పాండిత్యం ఆ అబద్ధంతో మొదలైంది.

మూడో నెల ముగిసేసరికి నా దగ్గర ఒక చిన్న నోటుబుక్కు నిండా మాటలు పోగయ్యాయి. నారింజ తొక్క, కాల్చిన బ్రెడ్డు, తడి మట్టి, కాఫీ గింజ, పచ్చగడ్డి. వాటిని పట్టుకుని రైలెక్కాను.

సికింద్రాబాద్ కార్ఖానా పేటలో మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక బార్ ఉంది. పదిహేనేళ్ళుగా శనివారం సాయంత్రాలు ముగ్గురం అక్కడే కూర్చునేవాళ్ళం. ఒకతనికి రాంగోపాల్‌పేట్‌లో రంగుల దుకాణం. ఇంకొకతను ఏ.ఎస్. రావు నగర్‌లో ఉంటాడు, అక్కడి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఉద్యోగం. ముగ్గురం ఒకే కాలేజీలో చదివాం. వాళ్ళిద్దరికీ బీరు గురించి ఉన్న అభిప్రాయం ఒక్కటే, అది చల్లగా ఉండాలి. దానితోపాటు వేయించిన పల్లీలు, ఉడకబెట్టిన గుడ్లు, రెండు ప్లేట్లు మిర్చి బజ్జీ. బేరర్ మమ్మల్ని ఏం కావాలని అడగడం మానేసి చాలా ఏళ్ళయింది.

వచ్చిన మొదటి శనివారం నేను బేరర్‌ని పిలిచి, "నాకు అంత చల్లగా వద్దు. చలికి రుచి చచ్చిపోతుంది," అన్నాను. అతను కాసేపు నన్నే చూసి, లోపలికి వెళ్ళి మేనేజర్‌ని వెంటబెట్టుకొచ్చాడు. మేనేజర్ నా ఆరోగ్యం గురించి వాకబు చేశాడు.

నేను బీరుని గ్లాసులో వంపుగా పోసి, దీపానికి ఎదురుగా పట్టుకుని, ముక్కు లోపలికి పెట్టాను.

"ఏందిరా గిది?" అన్నాడు రాంగోపాల్‌పేట్ మిత్రుడు. "బీరు తాగుతవా, ముక్కుకు సూపిస్తవా?"

"సగం రుచి వాసనలోనే ఉంటుంది."

"అయితే నువ్వు వాసన సూస్కో. మిగిలిన సగం గిటివ్వు."

రెండో శనివారం గ్లాసులు బాగాలేవన్నాను. మూడో శనివారం పల్లీలు ఈ బీరుకి కుదరవన్నాను. నాలుగో శనివారం మిర్చి బజ్జీ ప్లేటుని చేత్తో పక్కకి జరిపాను. "చేదు మీద కారం పడితే కారం ఇంకా పెరుగుతుంది. ఇది శాస్త్రం," అని చెప్పాను.

"పెరగాలనే గదరా రెండు ప్లేట్లు చెప్పిన," అన్నాడు ఏ.ఎస్. రావు నగర్ మిత్రుడు. అతను మామూలుగా మాట్లాడడు. ఆ రోజు ప్లేటుని వెనక్కి లాక్కుని, ఇక నా వైపు చూడలేదు.

అయిదో శనివారం నేనొక్కణ్ణే కూర్చున్నాను. ఆరో శనివారం కూడా. ఆ రోజు బేరరే జాలిపడి చెప్పాడు, "సార్, వాళ్ళు శుక్రవారానికి మార్చుకున్నరు." ఫోన్ చేస్తే రాంగోపాల్‌పేట్ మిత్రుడు దాచలేదు. "నారాజ్ గాకు. నువ్వుంటే బీరు తాగినట్టు లేదురా, ఇంటర్ పరీక్ష రాసినట్టున్నది. జెర రిజల్ట్ టెన్షన్ సుత అయితున్నది."

పదిహేనేళ్ళ స్నేహం నోటుబుక్కుకి బలైపోయిందని నాకు అప్పుడు తోచలేదు. వాళ్ళకి అభిరుచి లేదని తోచింది.

ఇక మిగిలింది ఇల్లు. నా భార్య మిషన్ స్కూల్లో లెక్కల టీచరు. ఇద్దరివీ కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలే. నేను పుట్టింది సికింద్రాబాద్‌లో, తను బాపట్లలో. ఇంట్లో బీరు ఫ్రిజ్ కింది అరలో కాగితంలో చుట్టి ఉంటే తను చూడనట్టే ఉండేది. వంట జోలికి వెళ్ళినప్పుడే అసలు ఇబ్బంది వచ్చింది. ఒక ఆదివారం నాటుకోడి కూర వడ్డిస్తుంటే, "దీనికి నల్ల బీరు పడుతుంది," అన్నాను.

"దీనికి అన్నం పడుతుంది. తినండి," అంది.

సికింద్రాబాద్‌లో దొరకని బీరుని నేనే చేసుకోవాలనే నిర్ణయానికి వచ్చాను. బెంగుళూరు హోటల్లోని ఏప్రన్ అతను పొట్లాలు పంపాడు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, చేదు కోసం వేసే హాప్స్ అనే పువ్వుల పొడి, ఈస్ట్. డాబా మీద గదిలో ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టి, మూతకి చిల్లు చేసి, గాలి పోవడానికి మందుల షాపులో కొన్న సెలైన్ పైపు బిగించాను. ఏప్రిల్ నెల. నాలుగో రోజుకి గది తలుపు తీస్తే కుళ్ళిన గోంగూర వాసన కొట్టింది.

నా భార్య ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని అడిగింది. "ఈ వాసనకి మీ పుస్తకంలో ఏం పేరు రాసుకున్నారు?"

వానలు మొదలయ్యాక, నేను రెండో డ్రమ్ము పెట్టిన వారానికే, మా మామగారు బాపట్ల నుంచి శుక్లాల ఆపరేషన్‌కి వచ్చారు. ఆయన హైస్కూల్లో ముప్ఫై ఎనిమిదేళ్ళు రసాయనశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. మా అత్తగారు పోయి అప్పటికి చాలా కాలమైంది. ఆయనకి పొగ, మద్యం, పేక ఏవీ లేవు. సోడా కూడా తాగరు. కొట్టినప్పుడు వచ్చే ఆ శబ్దం మర్యాదగా ఉండదంటారు. దగ్గు మందు కొన్నా సీసా మీద రాసింది మొత్తం చదివి, అందులో ఆల్కహాల్ ఉంటే వెనక్కి ఇచ్చేసి మిరియాల పాలు తాగుతారు. సారాకి వ్యతిరేకంగా ఆడవాళ్ళు ఊరేగింపులు తీసిన రోజుల్లో ఆయన వాళ్ళ వెనక గొడుగు వేసుకుని నడిచారు.

ఆపరేషన్ బాగా జరిగింది. కంటికి పచ్చ బట్ట కట్టి, కొన్నాళ్ళు చదవొద్దన్నారు డాక్టరు. చదవకుండా ఎలా బతకాలో ఆయనకి తెలియదు. రోజంతా రేడియో విని, సాయంత్రం మెల్లగా గోడ పట్టుకుని డాబా ఎక్కి పచార్లు చేసేవారు. నేను గదికి తాళం వేశాను. వాసనకి తాళం వేయలేకపోయాను.

మూడో సాయంత్రం ఆయన కిందికి వచ్చి, టీ తాగుతూ తాపీగా అడిగారు. "అల్లుడు గారూ, పైగదిలో ఏదో పులుస్తోంది."

"ఇడ్లీ పిండి మామయ్యగారూ."

"ఇడ్లీ పిండికి బుడగలు ఇంత తొందరగా రావు. అది ఈస్ట్. పాపం ఇబ్బందిలో ఉంది. వేడి ఎక్కువైంది."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఇక దాచలేక, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆయన మొహంలో ఏమీ మారలేదు.

"ఎంత వేడి దగ్గర ఉంచారు?"

"తెలీదండీ."

"థర్మామీటర్ లేదూ?"

"లేదండీ."

"డ్రమ్ము దేనితో కడిగారు?"

"గిన్నెలు తోమే సబ్బుతో."

ఆయన టీ కప్పు కింద పెట్టారు. "మద్యం చేయడం పాపం," అన్నారు. "కొలత లేకుండా చేయడం సిగ్గుచేటు."

మర్నాడు ఉదయం నా చేత ప్రయోగశాల థర్మామీటర్ కొనిపించారు. నా రెండో డ్రమ్ములోది తొంగి చూడకుండానే పారబోయించారు. డ్రమ్ముని మరిగే నీళ్ళతో మూడుసార్లు కడిగించారు. నా భార్య మెట్ల మీద నిలబడి ఇదంతా చూసింది.

"నాన్నా, మీరు కూడానా?"

"నేను తాగడం లేదమ్మా. దిద్దుతున్నాను."

ముప్ఫై ఎనిమిదేళ్ళు పేపర్లు దిద్దిన చెయ్యి మరి. ఇందులో తన స్థానమేమిటో ఆయన నాకు ఒక్కసారే స్పష్టం చేశారు. ఇది ప్రయోగం. ప్రయోగం చేసేవాడు దాని ఫలితాన్ని తాగనక్కర్లేదు. గంధకామ్లం తయారుచేయడం నేర్పిన వాళ్ళెవరూ దాన్ని తాగలేదు కదా అన్నారు.

బార్లీని కూడా బెంగుళూరు నుంచి తెప్పించనివ్వలేదు. మోండా మార్కెట్‌లో గింజలు తెప్పించి, రాగులని నానబెట్టినట్టే నానబెట్టి, తడిగుడ్డ మీద పరిచి మొలకలు తెప్పించారు. వాన వెలిసినప్పుడల్లా డాబా మీద ఆరబోయించారు. అందులో కొంత నా భార్య ఇనప మూకుడు అడిగి తీసుకుని, కాఫీ రంగు వచ్చేదాకా నా చేత వేయించారు. నల్ల బీరు నల్లగా ఎందుకుంటుందో నాకు ఆ రోజే తెలిసింది. అప్పటిదాకా నేను దాని మీద ఉపన్యాసాలు మాత్రమే ఇచ్చాను.

డ్రమ్ముల చుట్టూ తడి గోనెసంచులు, ఎదురుగా టేబుల్ ఫ్యాన్. సెలైన్ పైపు చివర నీళ్ళ సీసాలో ముంచి ఉంటుంది. ఆయన స్టూలు వేసుకుని, కళ్ళు మూసుకుని, ఆ బుడగల చప్పుడు వినేవారు. "నిమిషానికి పన్నెండు. హాయిగా ఉంది," అనేవారు, జ్వరం తగ్గిన పిల్లవాడి గురించి చెప్పినట్టు.

మొదట గోధుమ కలిపింది తయారైంది. తర్వాత నల్లది, చేదుది. నేను గోధుమది గ్లాసులో పోసి, నోటుబుక్కు తెరిచి, "నారింజ తొక్క," అని చదివాను.

"మీరు నారింజ తొక్క వాసన చివరిసారి ఎప్పుడు చూశారు?" అని అడిగారు.

ఆలోచిస్తే ఎప్పుడూ చూడలేదు. తొక్క తీసి పారేసి లోపలిది తిన్నవాణ్ణే. వెళ్ళి పండ్లు తెమ్మన్నారు. తెచ్చాను. ఒక చేతిలో తొక్క, ఒక చేతిలో గ్లాసు పట్టుకుని మార్చి మార్చి వాసన చూశారు. "కాదు. ఇది నిమ్మాకు. పక్కన కాస్త లవంగం ఉంది." నేనూ చూశాను. నిజంగానే లవంగం. మూడు నెలలు బెంగుళూరులో డబ్బు పోసి నేను నటించిన వాసన, మందు ముట్టని మనిషి పక్కన కూర్చుంటే మొదటిసారి నా ముక్కుకి తగిలింది.

ఏది దేనితో తినాలనేది కూడా ఆయన వాసనతోనే తేల్చేవారు. గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడేవారు. నా భార్య మొదట వేళాకోళంగానే ఒక్కో గిన్నె మూత తీసి ఆయన ముక్కు కిందికి తెచ్చేది. కూరలో ఉప్పు చాలిందో లేదో వాసనతో చెప్పే మనిషని తనకి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆయన లెక్క సులువుగానే ఉండేది. "రెండూ ఒక ఇంటి పిల్లల్లా ఉండాలి. లేదా ఒకటి అతి చేస్తుంటే రెండోది కూర్చోబెట్టాలి." నల్లదీ, ఉలవచారూ ఒక ఇంటి పిల్లలు. రెండూ నిప్పు మీద చాలాసేపు ఉన్నవే. గోధుమది వేయించిన చేప నూనెని కూర్చోబెడుతుంది. చేదుది మిర్చి బజ్జీ పక్కన పెడితే ఇద్దరూ కొట్టుకుంటారు, "కానీ కొట్లాట చూడటం సరదా అయితే పెట్టుకోవచ్చు," అన్నారు. ఇదే మాట నేను బార్‌లో చెప్పాను, చివరి వాక్యం తప్ప. ఆ వాక్యం చెప్పి ఉంటే నా శనివారాలు నాకు మిగిలేవి.

రెండు వారాలకి నా భార్య మారిపోయింది. "నాన్న చెప్పారు," అని చేపకి కారం తగ్గించి మిరియాలు పెంచింది. నేను అదే మాట అన్నప్పుడు గరిటె చూపించింది.

ఆయన కన్ను కుదుటపడినందుకు ఇంట్లో కృతజ్ఞతా కూటం పెట్టుకుందామని తనే అంది. పాస్టరు గారు, సంఘంలో ఒక పాతికమంది వస్తామన్నారు. ఆ మర్నాటి ఆదివారం సంఘంలో యువజనులకి 'మద్యపానం వల్ల అనర్థాలు' అనే అంశం మీద మామగారు మాట్లాడాలని పాస్టరు గారు ముందే మాట తీసుకున్నారు. కూటం శనివారం సాయంత్రం అయిదింటికి. దానికి రెండు రోజుల ముందు మేం కొత్త బ్యాచ్ సీసాల్లో నింపాం. సీసాలో నురుగు పుట్టడానికి మూత బిగించే ముందు చిటికెడు చక్కెర వెయ్యాలి. ఎంత వెయ్యాలో ఆయన లెక్క కట్టి, ఒక్కో సీసాకి విడిగా తూచి, కాగితం పొట్లాలు చేసి ఇచ్చారు. ఆయన కిందికి దిగాక నాకు బెంగుళూరు గ్లాసులు గుర్తొచ్చాయి. రెండంగుళాల నురుగు. ఆయన కట్టిన పొట్లాలు మరీ పిసినారిగా కనిపించాయి. పన్నెండు సీసాల్లో ఆ పొట్లాలకి తోడు ఒక్కో చెంచా చక్కెర వేసి మూతలు బిగించేశాను.

శనివారం వాన లేదు. మధ్యాహ్నమంతా ఉక్కపోత. హాల్లో చాపలు పరిచి, పాటలు పాడి, వాక్యం చదివి, పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన ఎప్పుడూ పొడుగే. అందరం కళ్ళు మూసుకుని ఉన్నాం. మామగారి కంటిచూపు గురించి దేవునికి వివరిస్తుండగా పైన మొదటి సీసా పేలింది.

ఎవరూ కళ్ళు తెరవలేదు. ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచేది ఎవరో తెలిసిపోతుంది కాబట్టి. పాస్టరు గారు గొంతు కాస్త పెంచారు. రెండోది పేలింది. "ఆకాశం నుండి మమ్మల్ని కాచు ప్రభువా," అన్నారు ఆయన. ఆ తర్వాత మూడు ఒకదాని వెంట ఒకటి పేలాయి. వెనక వరసలో ఒకావిడ, "గ్యాస్ సిలిండరేమో చూడమ్మా," అని కళ్ళు మూసుకునే అంది. ఎన్నడూ లేనిది, ఆ సాయంత్రం ఆమేన్ చాలా తొందరగా వచ్చింది.

కళ్ళు తెరిచేసరికి డాబా మెట్ల మీద నుంచి తెల్లటి నురుగు ఒక్కో మెట్టూ దిగి వస్తోంది. హాలంతా కమ్మని వాసన.

"బేకరీ వాసన," అన్నారు సంఘ పెద్ద ఒకాయన. పెద్ద ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన మనిషి, ఏ విషయాన్నైనా నియమావళి ప్రకారం చూస్తారు.

"పైన ఏం పేలింది బ్రదర్?" అని పాస్టరు గారు నన్ను అడిగారు.

నేను ప్రెషర్ కుక్కర్ అని చెప్పడానికి నోరు తెరిచాను. నాకంటే ముందు మామగారు లేచి నిలబడ్డారు.

"బీరు సీసాలు అయ్యగారూ. నేను చేసినవే."

చేతిలో కేకు ముక్కల పళ్ళెంతో నా భార్య అలాగే నిలబడిపోయింది. సంఘ పెద్ద గొంతు సవరించుకున్నారు.

"రేపు పిల్లలకి మద్యపానం మీద మాట్లాడాల్సింది తమరే కదూ?"

"అవునండీ. ఇదివరకటి కంటే ఇప్పుడు వివరంగా చెప్పగలను."

మర్నాడు తెల్లవారగానే ఆయన దగ్గరికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉన్నారు. నిద్రపోయినట్టు లేదు. చక్కెర సంగతి చెప్పి, తప్పు నాదేనన్నాను.

"ఒక్కో సీసాలో ఎంత వేశారు?"

"ఒక చెంచా."

"ఏ చెంచా? టీ చెంచానా, పెద్ద చెంచానా?"

"పెద్దదేనండీ. నిండుగా."

ఆయన మొహం విచ్చుకుంది. "అయితే నా లెక్క తప్పలేదు," అన్నారు. రాత్రంతా ఆయన్ని నిద్రపోనివ్వనిది పాతికమంది ముందు పోయిన పరువు కాదు, పొట్లాల తూకం.

"సంఘంలో నా పేరు చెబుతానండీ," అన్నాను.

"బీరు చేసింది నేనే కదా. చక్కెర ఎవరు వేశారన్నది వాళ్ళకెందుకు?" అని లేచి మొహం కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. నాకు ఆ క్షణంలో ఆయన తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఆ రోజు యువజనుల హాలు నిండిపోయింది. మామూలుగా వెనక బెంచీలకే పరిమితమయ్యే కుర్రాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. ఆయన నల్లబోర్డు అడిగి తెప్పించుకుని, ఈస్ట్ ఏం తిని ఏం వదులుతుందో, అది కాలేయానికి చేరి ఏం చేస్తుందో, ఖాళీ కడుపున తాగితే ఎంత నష్టమో, ఊరేగింపుల రోజుల్లో తను చూసిన ఇళ్ళు ఎలా ఉండేవో అన్నీ చెప్పారు. ఎవరూ ఫోన్ తీయలేదు. ప్రశ్నలేమైనా ఉంటే అడగమంటే పది చేతులు లేచాయి. మొదటి కుర్రాడు, "సార్, బార్లీ మొలకలు ఎన్ని రోజులకి ఎండబెట్టాలి?" అని అడిగాడు. పాస్టరు గారు వెంటనే ముగింపు పాట ఎత్తుకున్నారు.

బయటికి వచ్చాక సంఘ పెద్ద మామగారిని పక్కకి పిలిచారు. పాపం సంగతి తాను పాస్టరు గారికి వదిలేస్తున్నాననీ, కానీ లైసెన్స్ లేకుండా ఇంట్లో బీరు చేయడం చట్టప్రకారం నేరమనీ చెప్పారు. మామగారి మొహం పాలిపోయింది. ఇంటికి నడుస్తూ ఒకే ఒక్క మాట అడిగారు.

"మీకు ఈ సంగతి తెలుసా?"

"తెలుసండీ."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పాతికమంది ముందు తలెత్తుకుని నిలబడిన మనిషి, తెలియక చట్టం తప్పానని తెలిసి తల దించుకున్నారు. నేను చుట్టూ తిరిగాను, క్షమించమన్నాను. మూడో రోజు భోజనం దగ్గర, "ఇక చేయొద్దు. ఉన్నవాటిని నాశనం చేయాలి," అన్నారు. గోధుమవీ, నల్లవీ, చేదువీ కలిపి పది సీసాలు పేలకుండా మిగిలాయి. అవి పాత బ్యాచ్‌వి, చక్కెర ఎక్కువైన పన్నెండూ ఆ రాత్రికే పేలిపోయాయి.

సీసాలు దింపడానికి సాయం కావాలన్న నెపంతో మిత్రులిద్దరికీ ఫోన్ చేశాను. ఆ కథ వాళ్ళకి అప్పటికే చేరింది. శనివారం మధ్యాహ్నం ఇద్దరూ వచ్చారు. రాంగోపాల్‌పేట్ మిత్రుడు మామగారికి దండం పెట్టి, విషయం విని, చాలా గంభీరంగా అన్నాడు.

"సార్, నాశనం జేయాలె, అంతే గదా? మోరీల పోయాల్నని గా పెద్దాయన ఏమన్న చెప్పిండా?"

"చెప్పలేదు."

"మరింక పరేషాన్ ఎందుకు సార్? మేమిద్దరం లేమా?"

మామగారు సీసాలు ఒక్కొక్కటే లెక్కపెట్టారు. చివరికి, ఎలాగూ సాయంత్రం వీళ్ళు బార్‌కే వెళ్తారు కాబట్టి, తిండితో, తన కళ్ళ ముందు, తను చెప్పిన కొలతలో అయితే నష్టం తక్కువని తేల్చారు. నా భార్య కొరమీను వేయించింది. ఉలవచారు కాచింది. వేటమాంసం వేపుడు చేసింది. ఏ.ఎస్. రావు నగర్ మిత్రుడి కోసమని విడిగా మిర్చి బజ్జీలు వేసింది. మామగారు బల్ల చివర మజ్జిగ గ్లాసుతో కూర్చుని, ఏ సీసా ముందు తెరవాలో, ఏ గిన్నె ఎప్పుడు రావాలో చెప్పారు.

చేపా, గోధుమ బీరూ మొదట వచ్చాయి. రాంగోపాల్‌పేట్ మిత్రుడు ఒక ముక్క నోట్లో వేసుకుని, ఒక గుక్క తాగి, ఆగిపోయాడు. మళ్ళీ ఒక ముక్క, మళ్ళీ ఒక గుక్క. "నూనె ఏడబోయిందిరా?" అన్నాడు. నేను నిమ్మాకు గురించి చెప్పబోయాను. నా భార్య నా కంచంలో చేప ముక్క వేసి, "తినండి," అంది. తిన్నాను. ఉలవచారన్నంతో నల్లది వచ్చినప్పుడు రెండోసారి వడ్డించుకున్నాడు. ఏ.ఎస్. రావు నగర్ మిత్రుడు మాత్రం బజ్జీ కొరికి, చేదు బీరు తాగి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, "మస్తున్నది సార్," అన్నాడు. తర్వాత బల్ల మీద చెయ్యి చాపి, బజ్జీ ప్లేటుని మెల్లగా నా వైపు జరిపాడు. నేను ఒకటి తీసుకున్నాను. కారం నిజంగానే రెట్టింపయింది. చాలా బాగుంది.

"సార్, ఒక్క సుక్క నాలుక మీద పెట్టుకోన్రి. మీ చేతి పనే గదా," అని రాంగోపాల్‌పేట్ మిత్రుడు బతిమాలాడు. మామగారు నవ్వి, గ్లాసు అందుకుని, తనివిదీరా వాసన చూసి, తిరిగి అతనికే ఇచ్చేశారు.

మిత్రులు వెళ్ళిపోయిన కాసేపటికి సంఘ పెద్ద వచ్చారు. అన్నీ నాశనం చేశామని మామగారు చెప్పి, గోడవార ఉన్న ఖాళీ సీసాలు చూపించారు. పెద్దాయన వంగి ఒక్కో సీసా చూశారు.

"అన్నీనా?"

"అన్నీనండీ."

"ఒక్కటి కూడా మిగల్లేదూ?"

ఆ గొంతులో ఉన్నది తనిఖీ కాదని మా ముగ్గురికీ అర్థమైంది. నా భార్య కాఫీ ఇచ్చి, మిగిలిన చేప ముక్కలు డబ్బాలో పెట్టి ఇంటికి తీసుకెళ్ళమంది. నేను గేటు దాకా సాగనంపాను. ఆయన స్కూటర్ స్టాండు తీసి, ఒకసారి ఇంటి వైపు చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"బ్రదర్, ఈ చేపకి ఏది సరిపోతుందన్నారు మీ మామగారు?"

"నిమ్మకాయ నీళ్ళండీ," అన్నాను.